కుళ్ళాయి ఎక్కడి మాట? నీళ్ళ కుళాయికి చుట్టమా?

"చంటివాడికి చలిగాలి కొడుతుంది, కుళ్ళాయి పెట్టమ్మా" అని అనంతపురం నుంచి వచ్చిన మీ అత్తగారు అంటే, గుంటూరు వైపు పెరిగిన మీకు పంపు కుళాయి గుర్తొచ్చి నవ్వాగలేదని రాశారు. ఈ మాటకు అర్థమేమిటి, ఇది అచ్చ తెలుగేనా, కుళాయితో దీనికి చుట్టరికం ఉందా అని అడిగారు. తెలుగు పాఠం చెప్పడంలోనూ ప్రూఫులు దిద్దడంలోనూ ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి. ఈ మాటతో నాకు పాత లెక్కలున్నాయి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. కుళ్ళాయి అంటే గుడ్డతో కుట్టిన మెత్తటి టోపీ. చుట్టూ అంచు ఉండదు, లోపల గట్టి చట్రం ఉండదు, తలకు పట్టినట్టు ఉంటుంది. మాట పారసీకానిది. అక్కడ దాని రూపం కులాహ్. నీళ్ళ కుళాయి తమిళం నుంచి వచ్చింది. రెండింటికీ పుట్టింటి చుట్టరికం లేదు, మెట్టినింట్లో పక్కపక్క గదుల్లో దిగాయంతే.

మీరు నవ్వినందుకు మీ అత్తగారు ఏమీ అనుకోకుండా ఉంటే చాలు. ఎందుకంటే ఈ పొరపాటు అచ్చులోనే జరగబోయింది, నా కళ్ళ ముందే. చాలా ఏళ్ళ కిందట ఒక చాటుపద్యాల సంకలనానికి ప్రూఫులు చూస్తున్నాను. రెండో ప్రూఫులో శ్రీనాథుడు తల మీద కుళాయి పెట్టుకుని కన్నడ దేశం వెళ్ళాడు. మొదటి ప్రూఫులో సరిగ్గానే ఉంది. మధ్యలో ఎవరో చదువుకున్నవారు "ఇదేదో తప్పు పడింది" అనుకుని, ఒత్తు తీసేసి, అకారాది పట్టికలో కూడా మార్చేశారు. కింద టీకలో "కుళాయి: జలయంత్రము" అని అర్థం చేర్చారు. తప్పు చేయడం వేరు, తప్పుకు టీక రాయడం వేరు! ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ పద్యం మీరు బళ్ళో చదివే ఉంటారు. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల దర్శనం కోసం విజయనగరం వెళ్ళి, పిలుపు రాక పడిగాపులు పడుతూ చెప్పుకున్నదని ప్రతీతి. మొదటి పాదం ఇది:

"కుల్లాయుంచితి కోకసుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్"

టోపీ పెట్టాను, కోక చుట్టాను, పెద్ద అంగీ తొడిగాను. ఆ తర్వాత వెల్లుల్లి, నువ్వులపిండి, చల్లా అంబలి అంటూ తిండి కష్టాలు ఏకరువు పెట్టి, చివరికి "తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుఁడన్" అంటాడు. అందరూ ఈ చివరి పాదం దగ్గర ఆగి ఆ దర్పాన్ని మెచ్చుకుంటారు. నన్ను మాత్రం మొదటి రెండక్షరాలు పట్టుకున్నాయి.

పద్యం శార్దూలం. శార్దూలంలో మొదటి గణం మగణం, అంటే మూడూ గురువులే. "కుల్లాయుం" అని చదివితే కు తరవాత ల్ల ఉంది కాబట్టి కు గురువైంది. ఆ ఒత్తు తీసేసి "కుళాయుం" అంటే మొదటి అక్షరమే లఘువై పద్యం గుమ్మంలోనే బోర్లా పడుతుంది. ఇక ప్రాస చూడండి. నాలుగు పాదాల రెండో అక్షరాలు: కుల్లాయి, వెల్లుల్లి, చల్లా, తల్లీ. నాలుగుచోట్లా ల్ల. వెల్లుల్లిని ఎవరూ వెళ్ళుల్లి అనరు, తల్లిని తళ్ళి అనరు. ప్రాసలో లకార ళకారాలకు అభేదం చెల్లుతుందన్నది నిజమే, అయినా మూడు పాదాల్లో నిఖార్సైన ల్ల ఉన్నప్పుడు నాలుగోది కూడా ల్ల అనుకోవడమే సబబు. అంటే ఈ పద్యం కట్టిన నోటికి ఆ మాట కుల్లాయి, మీ అత్తగారి కుళ్ళాయి కాదు. పారసీక కులాహ్‌లో ఉన్నదీ మామూలు లకారమే. వ్రాతప్రతులు ఎన్నిసార్లు ఎత్తి రాసినా, అచ్చు ఎన్నిసార్లు వేసినా, ఛందస్సు ఆ పాత ఉచ్చారణను పెట్టెలో పెట్టినట్టు దాచింది. పాత మాట ఎలా పలికేవారో తేల్చుకోవడానికి ప్రాసను మించిన సాక్షి లేదని ఎప్పుడూ చెబుతుంటాను.

కుల్లాయి కుళ్ళాయి ఎలా అయిందంటారా? జిల్లా జిల్లాగానే నిలిచింది, కిల్లా కిల్లాగానే నిలిచింది. ఇదొక్కటే నాలుక వెనక్కి మడిచింది. నా ఊహ ఏమిటంటే, కుళ్ళు అనే మాట జనం నోళ్ళలో బాగా నలిగింది కాబట్టి కొత్త మాటను తన దారికి లాక్కుంది. ఇది ఊహే, పందెం కట్టను.

ఇంకో చిన్న సంగతి కూడా ఆ పాదంలోనే ఉంది. అంగీని శ్రీనాథుడు "కూర్పాసం" అని సంస్కృతం చేశాడు. అమరకోశంలో ఉన్న మాట అది, రవికెలాంటి తొడుగుకు చెప్పేది. ముందు "మహా" తగిలించి పొడుగు అంగీకి సరిపెట్టాడు. కోక తెలుగుదే. టోపీ దగ్గరకొచ్చేసరికి మాత్రం సంస్కృతం జోలికి పోలేదు, ఉన్నమాట ఉన్నట్టే వాడాడు. కిరీటం అంటే లోహం, ఉష్ణీషం అంటే చుట్టుకునే తలపాగా, బొమిడికం అంటే యుద్ధంలో పెట్టుకునేది. గుడ్డను కత్తిరించి, కుట్టి, తల మీద బోర్లించుకునే వస్తువుకు పాత మాటలేవీ అతకలేదు. వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో మాట కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఆ వస్తువు విజయనగరంలో ఎందుకుంది అన్నది అసలు రుచికరమైన భాగం. విజయనగర రాజులు 14వ శతాబ్దం నుంచే "హిందూరాయ సురత్రాణ" అనే బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే దేవతలను కాచేవాడని అర్థం చెప్పుకోవచ్చుగానీ, అది సుల్తాన్ అనే మాటకు సంస్కృతపు పంచె కట్టడమే. యుద్ధాలు యుద్ధాలే, దర్జా దర్జాయే. సముద్రం దాటి వచ్చే గుర్రాల వర్తకులూ, రాయబారులూ, కొలువులో చేరిన తురక సిపాయిలూ ఉన్న చోట కొలువు దుస్తులు కూడా ఆ పెద్ద లోకం తీరుకు మారాయి. పైన పొడుగు చేతుల అంగీ, తల మీద టోపీ. అంగీ పేరు కబాయి. అరబ్బీ, పారసీకాల్లోని ఖబా అది.

దీనికి బయటి సాక్షి కూడా ఉన్నాడు. నేటి అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ నుంచి తైమూరు కొడుకు షారూఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరం చేరాడు. అప్పుడు గద్దె మీద ఉన్నది రెండో దేవరాయలు, మన శ్రీనాథుడు పడిగాపులు పడ్డాడంటున్న ప్రౌఢదేవరాయలే. రాజు జైతూనీ అనే రకం పట్టుతో కుట్టిన ఖబా వేసుకున్నాడని ఆ రాయబారి రాసుకున్నాడు. తన దేశపు మాటనే వాడాడు, ఎందుకంటే తన దేశపు అంగీనే కనిపించింది. అదే కొలువులోకి మన కవి కుల్లాయి, మహాకూర్పాసం తగిలించుకుని వెళ్ళాడు. ఒకరికి అలవాటైన వేషం, ఇంకొకరికి మెడలు పట్టేసే వేషం. ఆ పద్యంలోని విసుగు నాకు అప్పుడు ఇంకాస్త బాగా అర్థమైంది. కొలువులోకి పోవాలంటే కొలువు బట్టలు కట్టాలి. ఇంటర్వ్యూకు మొదటిసారి టై కట్టుకున్న వాళ్ళను అడగండి, చెబుతారు.

తరవాతి నూరేళ్ళలో ఈ టోపీ ఇంకా ఎత్తుకు పెరిగింది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ రాయల తల మీద జరీ బట్ట టోపీ చూశాడు. పోర్చుగల్ పొరుగున ఉన్న గలీసియా శిరస్త్రాణంలా ఉందని పోల్చాడు. అంతఃపుర స్త్రీలు కూడా ఎత్తైన టోపీలు పెట్టుకుని, వాటికి పెద్ద ముత్యాల పూలు కుట్టించుకున్నారనీ, ఆ టోపీలను "కొల్లాయెస్" అంటారనీ రాశాడు. 1535 ప్రాంతంలో రాసిన నూనిజ్ మరీ లెక్కల మనిషి. రాజు జరీ టోపీని "కులాయెస్" అంటారట, ఒక్కోటి ఇరవై క్రుజాదోలు (పోర్చుగీసు బంగారు నాణేలు) చేస్తుందట, ఒకసారి తల మీంచి తీస్తే మళ్ళీ పెట్టుకోడట. చివరి "స్" పోర్చుగీసు బహువచనం. అది తీసేస్తే మిగిలేది కులాయె, అంటే మన కుల్లాయే. పారసీక కులాహ్ చివరి హకారం అప్పటికే పోయి యకారం వచ్చి చేరిందని ఈ పరాయి చెవులు మనకు సాక్ష్యం చెబుతున్నాయి.

కళ్ళతో చూడాలనుకుంటే రెండు చోట్లకు వెళ్ళండి. తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో తిరుమలదేవి, చిన్నాదేవిల నడుమ చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల లోహ విగ్రహం ఉంది. క్యూలో తోసుకుపోతూ అందరూ దాన్ని దాటేస్తారు. ఈసారి ఒక్క క్షణం తల పైకెత్తి చూడండి. ఒంటి మీద అంగీ లేదు, నడుముకు ధోవతి, మెడలో నగలు. దేవుడి ముందు నిలబడే తీరు అది. కానీ తల మీద శంకువులా పొడుగాటి కుళ్ళాయి మాత్రం అలాగే ఉంది. కబాయిని విప్పేసిన రాయలు కుళ్ళాయిని ఉంచుకున్నాడంటే అది అప్పటికి పరాయి వేషంగా కాక రాజచిహ్నంగా మారిపోయిందని నేననుకుంటాను.

రెండోది లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు పెంచి కట్టించిన వీరభద్రాలయం. అక్కడ కప్పు మీది చిత్రాల్లో వరసగా నిలబడ్డ పెద్దమనుషుల తలల మీద, పోనుపోను సన్నబడే పొడుగు టోపీలు కనిపిస్తాయి. వాటి మీద అల్లిక నమూనాలు కూడా చిత్రకారుడు వదిలిపెట్టలేదు. మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. చాలామంది ఆ బొమ్మల్లో చీరల అంచులు చూసి వచ్చేస్తారు. అంచులూ మంచివే, కాదనను.

ఇక మాట చివరి "ఆయి" సంగతి. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడగలేదుగానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దీర్ఘమైన ఆకారంతో ముగిసే పరాయి మాటను కొన్నిచోట్ల తెలుగు నాలుక అలా గాల్లో వదిలేయదు, ఒక "యి" చేర్చి కూర్చోబెడుతుంది. ఖబా కబాయి అయింది. కులాహ్ హకారం పోగొట్టుకుని కుల్లా అయి, ఆపై కుల్లాయి అయింది. టోపీకి పెట్టే కుచ్చుకు తుర్రా అని పేరు, అది మన దగ్గర తురాయి అయింది. ముగ్గురూ ఒకే బీరువాలోంచి వచ్చిన వాళ్ళు, ముగ్గురికీ ఒకే తోక.

తురాయి అనగానే కలికితురాయి గుర్తొస్తుంది. "ఆయన కీర్తి కిరీటంలో మరో కలికితురాయి" అని పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఈ కలికి అందగత్తె కాదు. కల్గీ అంటే పారసీకంలో తలపాగాకు పెట్టే ఈకల కుచ్చు. కల్గీ, తుర్రా కలిసి ఊరేగుతూ తెలుగునాట అడుగుపెట్టాయి. కల్గీ అంటే ఏమిటో తెలియని జనం తమకు తెలిసిన కలికిని అందులో చూసుకున్నారు. ఒక అష్టావధానంలో పృచ్ఛకుడు ఈ మాటకు "అందమైన స్త్రీ తలలోని తురాయి" అని విగ్రహవాక్యం చెబితే సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, అప్పుడు నాకూ తెలియదు.

పక్క భాషల్లో ఈ మాట ఎలా స్థిరపడిందో చూస్తే మన కుళ్ళాయి ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. తమిళులు కుల్లా అంటారు, తోక చేర్చలేదు. కన్నడిగులకు కులావి అంటే పసిపిల్లల టోపీ. పంజాబు, పెషావరు వైపు తలపాగా లోపల పెట్టే మొనదేలిన టోపీని కుల్లా అంటారు, దాని చుట్టూ పాగా చుడతారు. ఉర్దూ కవిత్వంలో కజ్‌కులాహ్ అంటే టోపీని పక్కకు వాల్చి పెట్టుకునేవాడు, సొగసుగాడు. ఒకే మాట ఒకచోట రాజు తలకూ, ఒకచోట ప్రియుడి తలకూ, మన దగ్గర చివరికి ఉయ్యాలలో పాపాయి తలకూ చేరింది. తెలుగులో పెద్దల టోపీకి టోపీ అనే మాటే స్థిరపడిపోయింది. కుళ్ళాయి రాయలసీమలోనూ, పాత తరం నోట్లోనూ, ముఖ్యంగా పిల్లల విషయంలో మిగిలింది.

ఆ పిల్లల కుళ్ళాయిని చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. పాత మెత్తటి పంచె గుడ్డలోంచి జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు ముక్క తీసుకుంటారు. మధ్యకు మడిచి ఒక పక్క కుట్టేస్తారు. ఆ కుట్టు తల వెనక్కి వస్తుంది, తెరిచి ఉన్న వైపు ముఖం. పైన మిగిలిన మూల కోణంగా నిలబడుతుంది. అదే, పట్టి చూస్తే, రాయల కుళ్ళాయి ఆకారం. కింద రెండు చివర్లకూ రెండు నాడాలు, గడ్డం కింద ముడి వేయడానికి. చెవులు పూర్తిగా మూసుకుపోతాయి, అందుకే చలిగాలికి మంచిది. ముడి మరీ బిగిస్తే పిల్లలు ఏడుస్తారు, వదులుగా వేస్తే గంటలో లాగి పారేస్తారు. మీవాడు రెండో రకం అని మీరు రాసినదాన్ని బట్టి అర్థమైంది. కొత్త గుడ్డ గరుగ్గా ఉంటుంది, పాతదే వాడమని మీ అత్తగారు చెబితే వినండి.

రాయలసీమ అన్నాను కదా, అక్కడ ఈ మాట తల మీదే ఆగిపోలేదు, మనుషుల పేర్లలోకి ఎక్కింది. కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ, కుళ్ళాయిరెడ్డి. నేను ఆ ప్రాంతంలో పని చేసిన రోజుల్లో ఒకే తరగతిలో ఇద్దరు కుళ్ళాయప్పలు ఉండేవారు, హాజరు పిలిస్తే ఇద్దరూ పలికేవారు. బయటి ఊళ్ళ నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయన "పిల్లలకు ఇదేం పేరయ్యా, కుళ్ళు అని" అని ముఖం చిట్లించాడు. కుళ్ళుకూ దానికీ సంబంధం లేదు. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి ఉన్నాడు. మొహర్రంలో జరిగే పీర్ల పండగకు హిందువులూ ముస్లిములూ కలిసి వస్తారు, అగ్నిగుండం తొక్కుతారు, మొక్కుకుని పుట్టిన బిడ్డలకు ఆ స్వామి పేరు పెట్టుకుంటారు. కుళ్ళాయి అంటే టోపీ, దానికి తండ్రి అనే అప్ప చేరింది. టోపీ స్వామి, అంతే. సూఫీల సంప్రదాయాల్లో గురువు శిష్యుడికి టోపీ పెట్టడం పెద్ద గౌరవమని గుర్తుంచుకుంటే, పీరు పేరులో కుళ్ళాయి ఉండటం వింతగా అనిపించదు. మీ అత్తగారి బంధువుల్లో ఒక కుళ్ళాయప్ప ఉండే ఉంటారు, అడిగి చూడండి.

ఇప్పుడు కుళాయి వైపు వద్దాం. ఇది గొట్టం అనే అర్థమున్న తమిళ మాట. తమిళంలో "తమిళ్" చివర పలికే ఆ ప్రత్యేకమైన ళకారం ఇందులో ఉంది. ఆ ధ్వని ఉన్న మాటలు తెలుగులో పుట్టుక నుంచీ ఉంటే వేరే రూపం తీసుకుంటాయి. వాళ్ళ కోళి మన కోడి, వాళ్ళ ఏళు మన ఏడు, వాళ్ళ కీళ్ మన క్రింద, వాళ్ళ కొళుప్పు మన క్రొవ్వు. గొట్టం, వేణువు అనే అర్థమున్న వాళ్ళ కుళల్‌కు తోబుట్టువు మన దగ్గర క్రోవి. పిల్లనగ్రోవిలో ఉన్నది అదే. అంటే వారసత్వంగా మనకు దక్కిన మాట క్రోవి, తర్వాత పక్కింటి నుంచి తెచ్చుకున్నది కుళాయి. ఆ ళకారమే అది అరువని చెప్పేస్తుంది. కొందరు కొళాయి అని కూడా అంటారు. తెలంగాణలో దాన్నే నల్లా అంటారు, అది నల్, అంటే బోలు గొట్టం అనే మాటలోంచి వచ్చింది. రెండు ప్రాంతాలవాళ్ళూ ఏది సరైన మాట అని వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఇద్దరూ గొట్టమనే అంటున్నారు. కృష్ణుడి చేతిలోదీ, మీ వంటింటి గోడకున్నదీ ఒకే వంశం. మీవాడి తల మీదిది మాత్రం వేరే వంశం.

మీ చివరి ప్రశ్న: "టోపీ పెట్టడం అంటే మోసం చేయడం ఎందుకైంది? కుళ్ళాయికి ఆ చెడ్డపేరు ఎందుకు రాలేదు?" మంచి ప్రశ్న. తెలుగులో టోపీ పెట్టారంటే మోసం, కుచ్చుటోపీ పెట్టారంటే పెద్ద మోసం. "కోట్లకు కుచ్చుటోపీ" అని పత్రికలో కనిపించని వారం ఉండదు. హిందీలో టోపీ పహనానా అన్నా, మరాఠీలో టోపీ ఘాలణే అన్నా ఇదే. అయితే అసలు విశేషం కులాహ్ పుట్టిన ఇరాన్‌లో ఉంది. అక్కడ ఎవరి తల మీదైనా కొలాహ్ పెట్టారంటే, వాళ్ళను మోసం చేశారని అర్థం. (నేటి ఇరాన్ ఉచ్చారణలో కులాహ్‌ను కొలాహ్ అంటారు.) మోసానికి అక్కడి చట్టంలో వాడే మాటే కొలాహ్‌బర్దారీ, అక్షరాలా టోపీ ఎత్తేయడం. పెట్టినా మోసమే, తీసినా మోసమే! ఆ నుడికారమే మన దాకా నడిచి వచ్చిందని నేను తీర్మానం చేయను. కానీ ఇరాన్ నుంచి ఆంధ్రం దాకా ఇన్ని భాషలు మోసాన్ని తల మీద టోపీగానే ఊహించాయంటే ముచ్చటేస్తుంది.

తెలుగువాళ్ళం ఇందులో ఇంకో రెండడుగులు ముందుకేశాం. గుళ్ళో పూజారి మన తల మీద శఠగోపం పెడతాడు. విష్ణుపాదాలున్న గిన్నెలాంటి కిరీటమది, పేరు నమ్మాళ్వారుది. అంతటి పవిత్రమైనదాన్ని కూడా "వాడు నాకు శఠగోపం పెట్టాడు" అని మోసానికి వాడేశాం. నుదుటి నామాన్నీ వదల్లేదు, "నామం పెట్టాడు" అంటాం. తలకో నుదుటికో ఎవరైనా ఏదైనా పెట్టబోతే తెలుగువాడు జేబు తడుముకుంటాడు. కుళ్ళాయి ఈ అపకీర్తి తప్పించుకోవడానికి కారణం నాకు తేలికగానే తోస్తుంది. ఈ నుడికారం తెలుగులో బలపడే నాటికి పెద్దవాళ్ళ తల మీద ఉన్నది టోపీ, కుళ్ళాయి అప్పటికే ఉయ్యాల చేరిపోయింది. పసివాడి తల మీది గుడ్డను మోసానికి గుర్తుగా చెప్పుకోవడానికి నోరెలా వస్తుంది?

రాసేటప్పుడు ఏ రూపం వాడాలి అంటారా, మామూలు రాతలో కుళ్ళాయి అనే రాయండి, జనం నోట ఉన్నది అదే. కులాయి అనీ కుళాయి అనీ వద్దు. శ్రీనాథుడి పద్యం ఎత్తి రాసినప్పుడు మాత్రం ల్ల ఉంచండి, ప్రాస కోసం. ఎవరైనా దిద్దబోతే వెల్లుల్లిని కూడా దిద్దమనండి.